గండి దారిలో కాలిన బేరింగు

శ్రావణ శనివారాల్లో గండి వీరాంజనేయస్వామి దగ్గరికి పోవడానికి పులివెందులలో బస్సులకేం కొదువ లేదు. వేంపల్లె దాకా పోతే అక్కడి నుంచి ఆటోలు కూడా దొరుకుతాయి. అయినా మా జేజి ట్రాక్టర్ అంటే ట్రాక్టరే. రాత్రికి పాపాఘ్ని ఒడ్డున పడుకోవాల, తెల్లారి ఏట్లో మునగాల, పొంగలి పెట్టుకోవాల. బియ్యం, కట్టెలు, గుండుచెంబులు, దుప్పట్లు, పిల్లోళ్ళు అందరూ బస్సులో పడతారా అని ఆమె వాదన. దానికి ఎదురు చెప్పేవాళ్ళు మా ఇంట్లో లేరు.

మా చిన్నాయన ట్రాలీ ఏడాదంతా చీనీకాయలు, అరటి గెలలు, పేడ ఎరువు మోస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం దాన్ని కడిగి, వరిగడ్డి పరిచి, మీద జంపఖానా వేసి, వెదురు బద్దలు వంచి టార్పాలిన్ కట్టినాం. ఇంజను విషయంలో చిన్నాయన మహా పట్టుదల మనిషి. నడిచిన గంటలు లెక్కబెట్టి ఆయిల్ మారుస్తాడు, ఫిల్టర్ మారుస్తాడు. ట్రాలీని మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఇంజను లేనిదానికి రోగమెక్కడిది? రెండు చక్రాలు, ఒక ఇరుసు, కమాన్ కట్టలు, ఇనుప రేకులు, అంతే కదా అనుకుంటారు. మా చుట్టుపక్కల పల్లెల్లో ఎవర్ని కదిలించినా ఇదే తీరు.

బయలుదేరి వేల్పుల ఊరు దాటినాక వెనక అంచున కూర్చున్న మా అత్త కొడుకు ముక్కు ఎగబీల్చినాడు. ఏదో మాడిన వాసన. అన్నం గిన్నె మీద అనుమానపడి మా అమ్మ మూటలు తడుముకుంది. అంతలో వాడే కిందికి వంగి చూసి, "మామా, చక్రం ఊగుతాండాది!" అని అరిచినాడు. ట్రాక్టర్ రొదలో ముందున్నాయనకు వెనకవాళ్ళ కేక వినబడదు. జేజి పళ్ళెం తీసుకొని ముందు రేకు మీద ఠంగుఠంగుమని వాయించింది. అప్పుడు ఆగింది బండి.

ఎడమ చక్రం హబ్బు మీద నీళ్ళు చల్లితే చుయ్‌మని ఆవిరి లేచింది. బేరింగు కాలిపోయిందని చిన్నాయన తేల్చినాడు. ముందు అందరినీ దింపి, రోడ్డుకు దూరంగా నిలబెట్టినాడు. రెండు చక్రాల ట్రాలీని ఇలాంటప్పుడు ట్రాక్టర్ నుంచి విప్పకూడదు. బరువు వెనక ఎక్కువుంటే మూతి పైకి లేస్తుంది, ముందు ఎక్కువుంటే దబ్బున నేలకు కొడుతుంది. కుడి చక్రానికి ముందూ వెనకా రాళ్ళు పెట్టి, ఇరుసు కింద జాకీ పెడితే రోడ్డు పక్క మట్టిలోకి జాకీయే దిగిపోతోంది. పక్కనున్న చీనీతోట రైతును అడిగి, కాలవ మీద పరిచిన నాపబండ ఒకటి మోసుకొచ్చి జాకీ కింద వేసినాం. ముగ్గురాయి లారీ పోయినప్పుడల్లా ఆ గాలికి ట్రాలీ వణికేది. అది పోయేదాకా ఎవరూ చక్రం దగ్గరికి పోకూడదని చిన్నాయన కట్టడి.

హబ్బు మూత ఊడదీసి, కాటర్ పిన్ను లాగి, నట్టు విప్పి చక్రం బయటికి తీస్తే లోపల గ్రీజన్నదే లేదు. నల్లటి పొడి. బేరింగు రోలర్లు కొన్ని నీలం తిరిగి ఉన్నాయి, కొన్ని అరిగి సన్నబడినాయి. లోపలి రింగు ఇరుసును కరుచుకొని ఉంది. అప్పటికే చీకటి పడింది. వేంపల్లెకు ఫోన్ చేస్తే, అంగడి మూసేసినాం, పొద్దున రండి అన్నారు.

తోట రైతు వచ్చి మొదట అడిగింది మా ఊరు, తర్వాత ఎవరింటోళ్ళమని. చిన్నాయనతో రెండు చుట్టరికాలు కలిపినాక, "పిల్లోళ్ళను పెట్టుకోని రోడ్డు మీద పండుకుంటారా?" అని బోరు దగ్గరి చింతచెట్టు కిందికి పంపినాడు. ఏటి ఒడ్డున వెలగాల్సిన పొయ్యి అక్కడ వెలిగింది. అన్నం, పప్పు, వంకాయ కూర. మగవాళ్ళు వంతులవారీగా ట్రాలీ దగ్గర కాపలా.

పడుకున్నాక జేజి గండి కథ ఎత్తుకుంది. రాముడు బాణం మొనతో కొండరాతి మీద ఆంజనేయుడి బొమ్మ గీసి, ఎడమచేతి చిటికెన వేలు గీయకుండా పోయినాడంట. తర్వాత వ్యాసరాయలు ఆ వేలు చెక్కించబోతే నెత్తురు కారిందంట. రాముడికి స్వాగతంగా వాయుదేవుడు రెండు కొండల నడుమ బంగారు తోరణం కట్టినాడని, అది మన్రో దొర కంటబడిందని, అది కనబడినోళ్ళు ఎక్కువ కాలం బతకరని కూడా చెప్పింది. మన్రో 1827లో పత్తికొండ దగ్గర కలరాతో పోయినాడనేది చరిత్ర. మిగతాది జేజి సొత్తు. "మనకు తోరణం కనబడకపోతే మేలు, బేరింగు కనబడితే చాలు" అని చీకట్లోంచి చిన్నాయన గొంతు.

తెల్లారి చిన్నాయన పాత బేరింగును గుడ్డలో చుట్టుకొని తోట రైతు బైకు మీద వేంపల్లె పోయినాడు. దాని మీది నంబరు చూసి కొత్తది, దాంతోపాటు హబ్బులో కూర్చునే కప్పు, గ్రీజు సీలు ఇచ్చినారంట. కూడా ఒక మేస్త్రీని వెంటబెట్టుకొచ్చినాడు. మేము ఉగ్గాని తింటా చుట్టూ నిలబడినాం. మేస్త్రీ ఉలీ సుత్తీతో పాత రింగు కొట్టి తీసి, ఇరుసును డీజిల్‌తో కడిగి, రోలర్ల సందుల్లోకి అరచేత్తో గ్రీజు కూరినాడు. నట్టు గట్టిగా బిగించి, చక్రం తిప్పి చూసి, మళ్ళీ కొంచెం వెనక్కి వదిలి పిన్ను వేసినాడు. మరీ బిగిస్తే ఇదీ కాలుతుంది, మరీ వదిలితే చక్రం ఊగుతుందంట.

"దీనికి గ్రీజు ఎప్పుడు పెట్టినార్నా?"

చిన్నాయన చింతచెట్టు కొమ్మల్లోకి చూసినాడు.

"చీనీకాయలు మోసేటప్పుడు చక్రం ఊగినా అవి చెప్పవు కదన్నా. మనుషులెక్కినారు కాబట్టి బయటపడింది" అన్నాడు మేస్త్రీ. ఆ మాట నిజమే గానీ, వ్యవసాయానికని తీసుకున్న ట్రాలీలో మనుషుల్ని ఎక్కించడం చట్టం ఒప్పుకోదు. ఏదన్నా జరిగితే బీమా కూడా అందడం కష్టం. చక్రం ఊడి పల్టీ కొట్టిన ట్రాలీల వార్తలు పేపర్లో కొత్తేం కాదు. ఆ మాట నేనంటే జేజి వినబడనట్టు కొంగు సర్దుకుంది.

గండికి చేరేసరికి మధ్యాహ్నం. ఏట్లో మడమలు తడిసేంత నీళ్ళు. క్యూ మాత్రం పొడుగ్గా ఉంది. పొంగలి పెట్టుకొని, దర్శనం అయ్యి బయలుదేరేసరికి సాయంత్రమైంది.

వేంపల్లె ఇంకా రాకముందే గుంతలో పడి కుడివైపు కమాన్ పెద్దపట్టీ విరిగింది. ఈసారి ఎవరూ కంగారుపడలేదు. ఇరుసుకూ చట్రానికీ మధ్య చెక్కదిమ్మ దూర్చి గొలుసుతో కట్టినాం. బరువు తగ్గాలని ఆడవాళ్ళనూ పిల్లల్నీ పులివెందుల బస్సెక్కించినాడు చిన్నాయన. జేజి మాత్రం కదల్లేదు. "పాత్రలన్నీ నేను లెక్కబెట్టి ఎక్కించినా. ఒక్క గంటె తగ్గినా రేపు నన్నే అడుగుతారు" అని ట్రాలీలోనే కూర్చుంది.