గల్లగురిగిలోని పైకము

మీ యింట చిన్నపిల్లలు గల్లగురిగిలో పైసలు దాచుకొనుచున్నారా? అట్లయిన మీ చెయ్యి ఎన్నడైన అందులో పడినదేమో మొదట జ్ఞాపకము చేసికొనుడి. నా చెయ్యి పడినది గనుక అడుగుచున్నాను.

మేము జ్యోతినగర్ ప్రక్కన కాపురముండువారము. 1978లో ఎన్‌టీపీసీ విద్యుత్కేంద్రమునకు శంకుస్థాపన జరిగిన పిమ్మట పెరిగిన కాలనీ యిది. ఇక్కడ మండు బొగ్గు సింగరేణి గనులనుండి వచ్చును. మా సంఘములో అనేకులు గోదావరిఖని వైపు గనులలో పనిచేయువారు. వారి యింటికి నెల జీతము గాక దసరాకు ముందు లాభాల వాటా కూడ వచ్చును. 2024లో కంపెనీ 33 శాతము వాటా ప్రకటించినప్పుడు పర్మినెంటు కార్మికులకు సగటున ఇంచుమించు 1 లక్ష 90 వేల రూపాయలు ముట్టెను. కాంట్రాక్టు కార్మికులకు తొలిసారిగా 5,000 రూపాయలు దొరికెను. ఆ వారము ఇంటికి క్రొత్త ఫోను వచ్చుట పిల్లలు చూతురు. రెండు నెలలు గడచిన తరువాత గిరిగిరివాడు సాయంకాలము గుమ్మమునొద్ద నిలుచుటయు చూతురు. మన బోధ వినకపోయినను ఈ రెండింటిని చూడక మానరు. ఈ సంగతిమీద నేను ప్రసంగములు చేసియున్నాను. బాగుగానే చేసితినని నా తలంపు.

మా కడగొట్టు కుమార్తెకు పదియేండ్లు నిండినప్పుడు, డబ్బు విలువ నేర్పవలెనని ఇంటిపనులకు వెల కట్టితిని. ఊడ్చినందుకు రెండు రూపాయలు, గిన్నెలు తోమినందుకు అయిదు. ఒకనాడు వాళ్ళ అమ్మ జ్వరముతో పడుకొని మంచినీళ్ళడిగితే, పిల్ల నావైపు తిరిగి, “దీనికెంత నాన్నా?” అనెను. ఆ రాత్రియే నా భార్య ఆ జాబితా చించి పొయ్యిలో వేసి, “నేను వండినదానికి మీరెంత ఇస్తున్నరు?” అని అడిగెను. నాకు జవాబు లేకపోయెను. అప్పటినుండి ఇంటిపనికి కూలి లేదు. ఆదివారమునకు చేతిఖర్చు 20 రూపాయలు. ఆపైన కావలసినది స్వంత పనితో సంపాదించుకొనవలెను.

వాళ్ళ నాయనమ్మ రెండు నాటుకోళ్ళను తెచ్చి యిచ్చెను. పిల్ల తెల్లవారకముందే లేచి వాటికి నూకలు వేసి, గూడు కడిగి, గుడ్లు క్వార్టర్లలో పది రూపాయలకొకటి చొప్పున అమ్మెడిది. వంద కూడగానే చిల్లరను నోటుగా మార్చి గల్లగురిగిలో వేసెడిది. మేకపిల్లను కొనవలెనని దాని ఆశ.

ఒక అర్ధరాత్రి మా సంఘపు కాంట్రాక్టు కార్మికుడొకడు వచ్చి తలుపు కొట్టెను. భార్యకు నొప్పులు, కరీంనగరుకు తీసికొనిపొమ్మన్నారట. నా చేతిలో 300 మాత్రమే యుండెను. గూటిలోని గల్లగురిగిని తలక్రిందులు చేసి, జడపిన్నుతో ఎనిమిది నోట్లు లాగి ఆయనకిచ్చితిని. జీతము రాగానే తిరిగి పెట్టుదుననుకొంటిని. జీతము వచ్చెను, నేను పెట్టలేదు.

తల్లియు బిడ్డయు క్షేమముగా వచ్చిరి. కృతజ్ఞతకూటములో ఆ సహోదరుడు లేచి, “పాస్టరయ్యగారు ఆ రాత్రి మమ్మల్ని ఆదుకున్నరు” అని కన్నీళ్ళతో సాక్ష్యము చెప్పెను. నేను తల వంచుకొని ఆ మెప్పు పుచ్చుకొంటిని. నా కుమార్తె ముందు చాపమీద కూర్చుండి నావైపే చూచుచుండెను.

తరువాత గుడ్లసొమ్ము గల్లగురిగికి చేరుట మానెను. ఏనాటిది ఆనాడే ఐసుకు, రబ్బరుబ్యాండ్లకు, చాక్లెట్లకు పోయెడిది. నేను గట్టిగా కోప్పడి, పొదుపును గూర్చి మరల మొదలుపెట్టగా పిల్ల మెల్లగా ఇట్లనెను: “తింటే నా కడుపులనన్న ఉంటది. గురిగిల ఏస్తే నాయేనా నాన్నా?”

ఆ రాత్రి అది మేలుకొనియే యున్నదట.

చదువరీ, మంచిపనికేగదా తీసితివని మీరనవచ్చును. నేనును అట్లే నన్ను ఓదార్చుకొంటిని. అయితే దేవాలయములో రెండు కాసులు వేసిన బీద విధవరాలిని తలంచుకొనుడి. ఆమె సంచిలో ఎవరును చెయ్యి పెట్టలేదు. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకింపబడిన అజరయ్యగారు క్రైస్తవ దానమునుగూర్చి గ్రంథమే వ్రాసిరి. తాను పేదనని ఇచ్చుట మానవద్దని పల్లెసంఘములకు బోధించిరి. మా అమ్మ ఎసటిలో బియ్యము పోయకముందు పిడికెడు తీసి ప్రభువు కుండలో వేసెడిది. ఆ పిడికిలి ఆమెది, ఆ బియ్యము ఆమెది. నేను ఇచ్చినది నా పిడికెడు కాదు. నిద్ర లేపి అడిగియుంటే నా బిడ్డయే ఇచ్చియుండునేమో! ఆ భాగ్యమును కూడ దానికి దక్కనియ్యలేదు. ఎనిమిది నోట్లకంటె ఆ మాటయే నన్నెక్కువగా బాధించుచున్నది.

నేను దానియెదుట కూర్చుండి తప్పు ఒప్పుకొంటిని. తండ్రి బిడ్డయొద్ద క్షమాపణ అడుగుట మన యిండ్లలో అలవాటు లేనిది, నోరు తడియారిపోయెను. తరువాతి ఆదివారము సంఘములో కూడ, ఆ 800 ఎవరి డబ్బో చెప్పితిని. వారమునకు వంద చొప్పున తీర్చెదనని ఒప్పందము. పిల్ల నోటుబుక్కులో గీతలు గీసి అప్పు వ్రాసికొనెను. ఒక వారము నేనియ్యలేకపోతిని. ఆ గడిలో ఎర్రసిరాతో సున్న చుట్టెను. నాకు కొంచెము రోషము కలిగినమాట నిజమే.

అప్పు తీరిన మరునాడు ఇద్దరము పోస్టాఫీసుకు వెళ్ళితిమి. పదియేండ్లు నిండిన పిల్లలు తమ పేరటనే పొదుపుఖాతా తెరచి తామే నడుపుకొనవచ్చును; 500 రూపాయలున్న చాలును. నెలకు 100 చొప్పున అయిదేండ్లు కట్టు ఆర్.డి. కూడ కలదు గాని, మేకపిల్ల అంతకాలము ఆగదు గనుక పొదుపుఖాతాయే చాలనుకొంటిమి. 2025లో రిజర్వు బ్యాంకు కూడ పదియేండ్లు దాటిన పిల్లలు స్వయముగా ఖాతా నడుపుకొనుటకు బ్యాంకులు అనుమతింపవచ్చునని తెలియజేసినది. ఈ సంగతి మన పల్లెలలో అనేకులకు తెలియదు గనుక వ్రాయుచున్నాను.

ఫారము నింపుచుండగా నా కుమార్తె కౌంటరుమీదికి మునివేళ్ళపై లేచి గుమాస్తానడిగెను: “సార్, మా నాన్న సంతకం పెట్టి ఇందులకెల్లి తీసుకోవచ్చా?”

“లేదమ్మా, నీ సంతకముంటేనే,” అని ఆయన నవ్వెను.

అప్పుడు కలము తీసికొని, ఇంటిపేరుతో సహా తన పేరంతయు మెల్లమెల్లగా వ్రాసెను.