కోడెకు కాడి నేర్పినవాళ్లు

చుండూరు అనగానే చాలామందికి 1991 ఆగస్టు 6 గుర్తుకొస్తుంది. ఆ రోజు మనవాళ్లు ఎనిమిది మందిని చంపారు. దాన్ని మేము మరువం. అయితే ఈ వార్షికోత్సవ సంచికలో రాయదలచుకున్నది మరో సంగతి. అదీ మన పల్లెలదే.

జంతువులకు పని నేర్పడం అంటే సర్కస్ ఏనుగు, పోలీసు కుక్క గుర్తొస్తాయి. డీఎస్సీకి చదివే మన సీనియర్లు రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ ప్రయోగం బట్టీ పడుతుంటారు. తిండి పెట్టేముందు ప్రతిసారీ ఒక శబ్దం వినిపిస్తే, కొన్నాళ్లకు తిండి లేకపోయినా ఆ శబ్దానికే కుక్క నోట్లో నీళ్లూరాయట. భోజనం గంట కొట్టగానే మా సంగతీ అంతే, కుక్కదాకా ఎందుకు! కానీ పావ్‌లోవ్ పేరు వినని మన తాతలకు ఈ విద్య బాగా తెలుసు. వాళ్లు పాలేర్లు. ఏడాది జీతానికి కుదిరి, కామందుల కోడెలకు కాడి నేర్పినవాళ్లు.

సెలవుల్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడిగాం. కోడె రెండు పళ్లు వేసే వయసులో పని మొదలుపెట్టేవారు. ముందే ముక్కు కుట్టి ముక్కుతాడు వేస్తారు. కొన్నాళ్లు ఒంటి మీద చెయ్యి వేసి నిమరడం, పేరు పెట్టి పిలవడం, పలుపు పట్టుకుని తిప్పడమే పని. ఆ తర్వాత పని తెలిసిన ముసలి ఎద్దు పక్కన కాడికి కడతారు. కోడె బెదిరి లాగినా ముసలిది కదలదు. నేర్పేవాడిలో సగం ఆ ముసలి ఎద్దే అని ఒక తాత నవ్వాడు. మొదట ఉత్త కాడి, తర్వాత ఒక దుంగ, ఆ తర్వాత ఖాళీ బండి. నాగలి చివర్న. ఎడమవైపుది దాపటెద్దు, కుడివైపుది వలపటెద్దు. ఒకవైపు అలవాటైనదాన్ని రెండోవైపు కడితే తికమకపడుతుంది. అందుకే ఏ కోడె ఎటు పనికొస్తుందో మొదట్లోనే చూసి తేల్చుకోవాలి.

పనిని బట్టి నేర్పడం మారుతుంది. మనది కృష్ణా పశ్చిమ డెల్టా, మాగాణి. దమ్ములో మోకాటి లోతు బురద. అక్కడ పరుగు పనికిరాదు, ఒకే అడుగు కావాలి. బండెద్దుకు రోడ్డు మీద మోతలు అలవాటు చేయాలి, కాళ్లకు లాడాలు కొట్టించాలి. కుప్ప నూర్చేటప్పుడు బంతి కట్టి తిప్పేవారు. నడుమ రాట దగ్గర నెమ్మదైన గొడ్డు, బయటి చివర చురుకైన గొడ్డు. గింజ తినకుండా మూతికి చిక్కం. బండలాగుడు పందేల ఎద్దు సంగతి పూర్తిగా వేరు. పళ్లను బట్టి విభాగాలు, నిర్ణీత సమయంలో ఎన్ని అడుగులు లాగిందన్నదే లెక్క. దానికి దమ్ము అడుగు కాదు, ఒక్కసారిగా వచ్చే ఊపు కావాలి.

కొట్టకుండా నేర్పారా అని అడిగాం. కొట్టామనే చెప్పారు, దాచలేదు. చర్నాకోల, ముల్లుగర్ర రెండూ ఉండేవి. ఆ ముక్కుతాడే ఒక నొప్పి. కానీ రోజూ దెబ్బ తిన్న ఎద్దు మనిషిని చూస్తే బిగుసుకుంటుంది, మాట వినదు, దెబ్బకే కదులుతుంది అన్నారు. చర్నాకోల గాలిలో చప్పుడు చేస్తే చాలనేలా తయారుచేసినవాడే పనివాడట. ఇది మాకు నచ్చింది. నచ్చనిదీ ఉంది. తెల్లవారుజామున లేచి కుడితి పెట్టి, కనుమనాడు కడిగి కొమ్ములకు రంగులేసింది పాలేరు. పందెం గెలిస్తే మైకులో చదివింది మాత్రం ఆసామి పేరు. చాలాచోట్ల ఇప్పటికీ అంతే.

దుక్కికి ట్రాక్టర్లొచ్చాయి, కోతకు యంత్రాలొచ్చాయి. అరకలు దాదాపు పోయాయి. ఒంగోలు జాతి బ్రెజిల్లో నెలోరు పేరుతో కోట్లలో పెరుగుతోంది. అక్కడ దాన్ని ప్రధానంగా మాంసానికి పెంచుతారు. ఇక్కడ పందేలకు మేపుతున్నారు. దమ్ము చేసే జత ఒకటి చూద్దామని అడిగితే మా తాతలే నవ్వారు. పాలేరుతనం పోవడం మాకు సంతోషమే, ఆ బతుకు ఎవరికీ వద్దు. దాంతోపాటు వాళ్ల నేర్పు కూడా ఎక్కడా రాయకుండానే పోతోందన్నదే మా బాధ. పశువైద్యం చదవాలనుకునే తమ్ముళ్లకు ఇది పాఠ్యపుస్తకంలో దొరకదు.

ఏ ఏడు ఎన్ని బస్తాల జీతమో చెప్పడానికి తాతలు తడుముకున్నారు. ఎద్దుల పేర్లు మాత్రం గడగడా చెప్పారు. ఏది దాపట, ఏది వలపట అన్నదానితో సహా. దసరా సెలవులకు ఇంటికెళ్లినప్పుడు మీరూ మీ తాతల్ని, నాయనమ్మల్ని అడిగి రాసుకురండి. మా దగ్గర పదకొండు పేర్లున్నాయి. వచ్చే సంచికలో అన్నీ వేద్దాం, ఎద్దు పేరు పక్కన దానికి పని నేర్పినవాడి పేరు కూడా.