బిగిసిన చుక్కాని చక్రము

మన వార్షిక సంచికకు ఏదైన వ్రాసి పంపుడని సంపాదకులవారు కోరిరి. గొప్ప విషయములు మా యొద్ద లేవు గాన, మా పాత నావను గూర్చియే వ్రాయుచున్నాము.

మేము తీరప్రాంతమున పుట్టినవారమయ్యు నావ నడుపుట నేర్చినది నడివయస్సున, అమెరికాలోని మేరీలాండు రాష్ట్రమున, చేసపీకు అఖాతమునందు. ఆ అఖాతము సుమారు 200 మైళ్ల పొడవు గలదైనను, లోతు సగటున 21 అడుగులు మాత్రమే. అచ్చట మేము కొనిన తెరచాప నావ 1978లో కట్టబడినది. పొడవు 30 అడుగులు. పాతది గనుక చౌకగా దొరికెను.

దాని చుక్కాని చక్రము మొదటినుండియు బిగువుగానే యుండెను. పాత నావల కిది సహజమని అమ్మినవారు చెప్పగా నమ్మితిమి. నమ్ముటయే గాక, అతిథుల యెదుట దానిని త్రిప్పి చూపి మా భుజబలమునకు గర్వించితిమి కూడ.

2019 జూన్ నెలలో ఒకనాడు మా గృహిణి చక్రము పట్టియుండగా, నావ ముందుభాగమున నిలిచిన మా టోపీ గాలికెగిరి నీట బడెను. నావను త్రిప్పుమని కేక వేసితిమి. ఆమె తన బలమంతయు నుపయోగించినను చక్రము జానెడు తిరిగి నిలిచిపోయెను. మేము వచ్చి చేయి వేయులోపల టోపీ కనుమరుగయ్యెను. ఆమె కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, "టోపీకి బదులు మీరే పడియున్నచో నేనేమి చేయవలసినది?" అని యడిగెను. మాకు ప్రత్యుత్తరము తోచలేదు. ఆ రాత్రి నిద్రయు సరిగా పట్టలేదు.

మన గోదావరి నాటుపడవలలో చుక్కాని పిడిని పడవవాడు స్వయముగా పట్టుకొనును; ఎచ్చట పట్టివేసినను అతని చేతికి వెంటనే తెలియును. చక్రము గల నావలో అట్లు కాదు. మా నావలో చక్రపు ఇరుసునకు పండ్ల చక్రము, దానిపై గొలుసు, గొలుసు కొనలకు ఉక్కుతాళ్లు కలవు. ఆ తాళ్లు కప్పీల మీదుగా నావ అడుగుభాగమునకు పోయి, చుక్కాని ఇరుసునకు బిగించిన విసనకఱ్ఱ వంటి లోహపు పలకను ఇటునటు లాగును. ఇన్నిటిలో దోష మెచ్చట నున్నను చక్రము పట్టినవానికి తెలియునది బిగువు మాత్రమే.

మేము మొదట గాలిని నిందించితిమి. తెరచాపలు సరిగా నమర్చనిచో నావ గాలివైపునకు తిరుగజూచును; అప్పుడును చక్రము బరువెక్కును. కాని రేవులో తెరచాపలు దించి త్రిప్పి చూడగా నదే బిగువు! అప్పుడు ప్రక్క నావలోని వృద్ధుడొకడు మంచి యుపాయము చెప్పెను. పలకనుండి తాళ్లు విప్పి, చక్రమును చుక్కానిని వేఱుచేసి, దేనికది త్రిప్పి చూడవలెనట. అట్లే చేసితిమి. చక్రము ఒక్క వ్రేలితో గిరగిర తిరిగెను. ఆపత్కాలమునకై యుంచిన ఇనుప పిడిని చుక్కాని ఇరుసు తలకు తగిలించి త్రిప్పబోగా, అది మాత్రము మూలిగి నిలిచెను. ఇన్నాళ్లు మేము నూనె పోసినదంతయు నిరపరాధియైన చక్రమునకే!

ఉక్కుతాళ్లను కూడ నప్పుడే పరీక్షించితిమి. పలుచని కాగితముతో తాటిని తుడిచినచో తెగిన పోగు కాగితమును పట్టుకొని తన్ను తాను చూపును. ఉత్తచేతితో తుడువరాదు, ఆ పోగులు సూదులవలె గ్రుచ్చుకొనును. (మేమెట్లు తెలిసికొంటిమో అడుగవలదు.)

అక్టోబరులో నావను గట్టునకెక్కించి ఊతల మీద నిలిపితిమి. చుక్కాని ఇరుసు పొడవైనది గనుక క్రిందికి దించుటకు చోటు చాలక, దాని క్రింద నేలలో నడుములోతు గోయి త్రవ్వవలసి వచ్చెను. రెండు దినములు పట్టెను. చుక్కాని దిగినపిమ్మట దోషము బయటపడెను. ఇరుసు తిరుగుటకై అమర్చిన నైలాను గొట్టము సంవత్సరముల తరబడి నీరు పీల్చి ఉబ్బి, ఇరుసును పిడికిలివలె బిగించియుండెను. నైలానునకు నీరు పీల్చు గుణము కలదు. దాని స్థానమున అంతగా నీరు పీల్చని అసిటాలను ప్లాస్టిక్కుతో క్రొత్తది చేయించి, ఇరుసుచుట్టు కొంచెము సందు విడిచి అమర్చితిమి. తాళ్లను మరల తగిలించునపుడు అతిగా బిగింపలేదు. అదియు చక్రమును బరువెక్కించును.

మరుసటి వసంతమున నావను నీట దింపి, తెరచాపలెత్తి, అఖాతము నడుమకు పోయి, మేము తేలెడి దిండొకటి నీట విసరి చేతులు కట్టుకొని కూర్చుంటిమి. ఆమెకు సాయము చేయరాదని ముందే యొప్పందము. మొదటిసారి నావ దిండును దాటిపోయెను. రెండవసారి మిక్కిలి దూరమయ్యెను. మూడవసారి ఆమె ఒంటిచేత చక్రము త్రిప్పి, నావను దిండు ప్రక్కనే నిలిపి, కొక్కెపు కఱ్ఱతో దానిని పైకి తీసెను. నీరోడుచున్న దిండును మా యొడిలో వైచి, "ఇక మీరు క్రొత్త టోపీ కొనవచ్చును" అనెను.