మంచు కింద, ట్యాంకు లోపల

పరవాడలో మంచంటే శీతాకాలం తెల్లవారుజామున రోడ్డును కమ్మే పొగమంచే. కానీ ఉత్తరాంధ్ర పల్లెల నుంచి సైన్యానికి వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు కనుక, హిమాలయాల గాయాలు మా క్లినిక్‌కూ వస్తుంటాయి. ఇక్కడి మందుల కంపెనీలున్న ఫార్మాసిటీలో సెక్యూరిటీ గార్డుగా చేసే ఒక మాజీ జవాను బీపీ చూపించుకోవడానికి వస్తాడు. మంచుకాటుకు ఆయన రెండు కాలివేళ్ల కొసలు పోయాయి.

చలికాలం చివర్లోనే మంచుచరియలకు ఎక్కువ భయపడేవాళ్లమని అంటాడాయన. "పొద్దెక్కితే కదలనిచ్చేవోరు కాదు బాబూ. మద్దినేలకి మంచు లోపల నీరు దిగిపోతాది." నిజమే. పగటి ఎండకు కరిగిన నీరు పొరల మధ్యకు చేరి పట్టు సడలిస్తుంది. రాత్రి చలికి అదే మంచు మళ్లీ బిగుస్తుంది. అందుకే తెల్లారకముందే బయల్దేరి, ఎండ ముదరకముందే వాలు దాటేస్తారు.

మంచుచరియల కింద పడ్డవాళ్లను చలి చంపుతుందనుకుంటాం. ఎక్కువమందిని చంపేది ఊపిరాడకపోవడమే. వదిలిన ఊపిరిలోని తడి, ముఖం ముందు మంచుపెచ్చుగా గడ్డకడుతుంది, బొగ్గుపులుసు వాయువు పేరుకుంటుంది. తొలి పది నిమిషాల్లో బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతుకుతారు. అరగంట దాటితే ఆ ఆశ మూడో వంతుకు పడిపోతుంది. హెలికాప్టర్ వచ్చేలోగా ఆ కాలం అయిపోతుంది. పక్కనున్నవాడు పార అందుకోవాల్సిందే.

2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో పదిమంది జవాన్లు కూరుకుపోయారు. వారిలో కర్నూలు జిల్లా సిపాయి ముస్తాక్ అహ్మద్ ఒకరు. ఆరు రోజుల తరువాత ప్రాణంతో దొరికిన మరో జవాను హనుమంతప్ప కూడా ఢిల్లీ ఆసుపత్రిలో కన్నుమూశాడు. 2025 ఫిబ్రవరి 28న ఉత్తరాఖండ్‌లోని మాణా దగ్గర రోడ్డు పనివాళ్ల శిబిరం మంచులో కూరుకుపోయింది. 54 మందిలో 46 మంది బతికారు. చాలామందిని వాళ్లుంటున్న ఇనుప కంటైనర్లే కాపాడాయి. ఆ వార్త చదువుతుంటే నాకు మా ఫార్మాసిటీ కార్మికులే కళ్లముందు మెదిలారు. ఇక్కడా ఊరుగాని ఊరు వచ్చిన కూలీలే.

ఊపిరాడని చావు పరవాడకూ తెలుసు. మందుల ఫ్యాక్టరీలో నైట్రోజన్ నిండిన రియాక్టర్ ట్యాంకులో వాసన ఉండదు, రెండు ఊపిర్లకే మనిషి కూలిపోతాడు. మంచులో తోటివాడు వెంటనే తవ్వాలి, ఇక్కడ వెంటనే దూకితే రెండో ప్రాణమూ పోతుంది. భద్రతా శిక్షణలో ఈ మాట చెప్పినప్పుడు ఒక కుర్రాడు అడిగాడు: "లోపలున్నది మా అన్నయితే ఎలాగ ఆగుతాం సార్?"

ఆగమని చెప్పి ఊరుకుంటే సరిపోదు. దిగేముందే ఆక్సిజన్ కొలవాలి, దిగేవాడి ఒంటికి బెల్టూ తాడూ ఉండాలి, పైనున్నవాడు ఆ తాడు వదలకూడదు. అప్పుడు ఆ తమ్ముడు లోపలికి దిగకుండానే అన్నను పైకి లాగగలడు. ఆ రోజు తాడు వాడి చేతికిచ్చి, నిలువెత్తు మనిషిని పైకి లాగించాను.