స్మృతి సంస్కారం

‘సంస్కారం’ అనే పదానికి రెండర్థాలు. అన్నప్రాశన, అక్షరాభ్యాసాది క్రియలు ఒకటి. చిత్తంపై అనుభవం మిగిల్చే ముద్ర రెండవది. అన్నప్రాశన నాడు పుస్తకాన్ని పట్టుకున్నాడో, బంగారాన్ని పట్టుకున్నాడో శిశువుకు జ్ఞాపకముండదు; పెద్దలు చెబితేనే తెలుస్తుంది. బాల్యస్మృతికి తొలి ఆధారం కుటుంబమే.

కడప సీమలోని తాళ్ళపాక వంశమే ఇందుకు నిదర్శనం. అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలు రాగిరేకులపై నిలిచాయి. ఆయన పసితనాన్ని నిలిపినది మాత్రం మనుమడు చిన్నన్న రచించిన ద్విపదకావ్యం ‘అన్నమాచార్య చరిత్రము’. గడ్డి కోయబోయి కొడవలితో వ్రేలు తెగిన బాలుడు ఇల్లు విడిచి, యాత్రికుల వెంట తిరుమలకు నడిచాడని, మోకాళ్ళ పర్వతంపై సొమ్మసిల్లిన అతనికి అలమేలుమంగ ప్రసాదం పెట్టిందని అందులో ఉన్నది. వేటూరి ప్రభాకరశాస్త్రి 1949లో దానిని ప్రకటించారు.

సీమ ఇళ్ళలో బిడ్డల పుట్టువెంట్రుకలు స్వామికి సమర్పితమవుతాయి. వస్తువు ఇంట మిగలదు. మొక్కు కథ మిగులుతుంది. అడిగే మనుమడు లేని ఇంట ఆ కథ కూడా తాతతోనే అంతరిస్తుంది. పెద్దలు జీవించి ఉండగానే వారి బాల్యాన్ని అడిగి, విని, వ్రాసిపెట్టడం కూడా పితృఋణ విమోచనమే. తాళ్ళపాక మనుమడు తీర్చుకున్న ఋణం అదే.