రాత్రి అవసరానికి ఉంచిన కారు

మా పాతగూడెంలో షికార్ల కోసం కారు కొన్నవారు తక్కువ. ఇంద్రావతి ఒడ్డున, మహారాష్ట్రకు కొసనున్న ఊరు మాది. రాత్రివేళ ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే సిరోంచ ఆసుపత్రికి పోవాలి. అందుకని కారును రేకుల కొట్టంలో పెట్టి, గుడ్డ కప్పి, భద్రం చేస్తారు. తీరా ఆ రాత్రి వచ్చి తాళంచెవి తిప్పితే టిక్కుటిక్కుమని ఊరుకుంటుంది. అన్ని బళ్ళలోకీ యీ భద్రం చేసిన బండికే అట్లా ఎందుకవుతుందో నాకు వింతగా ఉండేది.

మా బావమరిది కారుకు నాలుగేండ్లలో మూడు బాటరీలు పడ్డవి. మూడోది మొరాయించిన రాత్రి వాళ్ళ కోడలికి నొప్పులు వస్తున్నవి. నలుగురం చేరి బండిని వాలుకు తోస్తే ఇంజను అందుకున్నది. తల్లీ బిడ్డా క్షేమమే. మర్నాడు సిరోంచనుంచి వచ్చిన మెకానిక్ కుర్రవాడు, "మామా, బాటరీ మంచిదే. దాన్ని ఎవరో దొంగతనంగ తాగుతున్నరు" అన్నాడు. తన ఫోనులో వీడియో పెట్టి, దాన్ని డిక్కీలో ఉంచి మూత వేశాడు. తీసి చూస్తే ఏమున్నది, లోపలి దీపం ఆరనేలేదు! మూత వేస్తే దీపాన్ని ఆర్పవలసిన స్విచ్చి తుప్పుపట్టి, ఒక్కొక్కప్పుడు అంటుకు పోతున్నది.

అది 5 వాట్ల చిన్న దీపమే. అయితే 12 వోల్టుల మీద గంటకు గంటా 0.4 ఆంపియర్లు లాగుతుంది. రోజుకు 10 ఆంపియర్-గంటలు. ఆ బాటరీ మొత్తం 45. ఐదో రోజుకు మిగిలేదేమిటి? ఏ దోషమూ లేని కారులో కూడా గడియారమూ తాళపు అలారమూ కొంత తాగుతూనే ఉంటవి. 50 మిల్లీఆంపియర్లదాకా మామూలే అంటారు. నెల రోజులు కదపకపోతే అదీ చాలును.

కారు బాటరీ క్షణంసేపు పెద్ద కరెంటు ఇవ్వడానికి చేసినది. అడుగంటేదాకా వాడుకోవడానికి కాదు. ఖాళీగా పడి ఉంటే సీసపు పలకల మీద సల్ఫేటు గట్టిపడి, తరువాత చార్జి పెట్టినా పూర్తిగా కరగదు. దీనికి తోడు మా ఎండలు. వేడి 10 డిగ్రీలు పెరిగితే బాటరీ ఆయుస్సు ఇంచుమించు సగమవుతుందని లెక్క. 45 డిగ్రీలదాకా పోయే వేసవిలో రేకుల కింద దాని గతి ఏమిటో ఊహించండి. చలికాలంలో ఇంజను నూనె చిక్కబడి బరువెక్కినప్పుడు గాని ఆ జబ్బు బయటపడదు. మనమేమో చలిని తిట్టుకుంటాము.

రోజూ పొద్దున ఐదు నిమిషాలు ఇంజను తిప్పి ఆపేవారున్నారు. నాకది నైవేద్యం చూపించి మనమే తినేసినట్టుంటుంది! స్టార్టరు లాగిన దానికే ఆ ఐదు నిమిషాలూ సరి. వారానికొకసారి అరగంటకు తక్కువ కాకుండా రోడ్డు మీద నడిపితే నయం. పిల్లవాడు మీటరుతో చూసే పద్ధతి కూడా చెప్పాడు. రాత్రంతా కదలని బాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం. ఇంజను నడుస్తూంటే 14 దరిదాపుల ఉండాలి. లేకపోతే బాటరీని వదిలి ఆల్టర్నేటరును, దాని బెల్టును చూసుకోవాలి.

స్విచ్చి మార్చడానికి పెద్దగా ఖర్చు కాలేదు. మూడో బాటరీని ఒక రాత్రంతా మెల్లగా చార్జి చేస్తే నిలిచింది, నేటికీ పనిచేస్తున్నది. మొదటి రెండూ ఎప్పుడో పాత సామాను కొట్టుకు పోయినవి. వాటిలో దోషమున్నదో లేదో ఇప్పుడెవరు చెప్పగలరు?