పాత సంతకానికి విలువ కట్టడం: ఒక వైద్యుని సూచనలు



ఆరోగ్య విషయాలు రాసే వైద్యుడికి పాత క్రికెట్ సంతకాల ధరతో ఏమి పని అని మీరు అడగవచ్చు. మెట్టుగూడలో మా ఇంటి చుట్టుపక్కల రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. వారిలో కొందరి బీరువాలలో ఆటగాళ్ళ సంతకాల పుస్తకాలు, పాత స్కోరు కార్డులు, టిక్కెట్టు ముక్కలు భద్రంగా ఉన్నాయి. ఇల్లు మారవలసి వచ్చినప్పుడో, శస్త్రచికిత్సకు డబ్బు కావలసినప్పుడో వాటిని బయటకు తీసి, "దీనికి ఎంత వస్తుంది డాక్టరు గారూ?" అని అడుగుతారు. నేను వ్యాపారిని కాను. అయితే ఒక సంతకం నిజమైనదా కాదా అని తేల్చే పద్ధతి, రోగం ఏదో తేల్చే పద్ధతి దాదాపు ఒకటే. పైగా ఈ వ్యవహారంలో వృద్ధుల ఆరోగ్యానికి, వారి డబ్బుకు సంబంధించిన సంగతులు కొన్ని ఉన్నాయి. అందుకే ఈ వ్యాసం.

ముందు చరిత్ర, తరువాత పరీక్ష

రోగి గదిలోకి రాగానే మేము రక్తపరీక్ష రాయము. ఎప్పటి నుంచి బాధ, ఎలా మొదలైంది, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడుగుతాము. సగం రోగనిర్ణయం అక్కడే జరిగిపోతుంది. పాత సంతకానికీ అంతే. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ఎదుట పెట్టారు? అక్కడి నుంచి ఎవరి చేతులు మారి మీ వద్దకు వచ్చింది? ఈ ప్రశ్నలకు ఆధారాలతో సమాధానం ఉన్న కాగితానికి ఒక ధర, లేని కాగితానికి వేరొక ధర.

దీనికి అమెరికా బేస్‌బాల్ నుంచి ఒక ఉదాహరణ చెబుతాను. బేబ్ రూత్ అనే మహా ఆటగాడి చొక్కా ఒకటి 2005లో 9 లక్షల 40 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. అదే చొక్కా 2024 ఆగస్టులో 2 కోట్ల 41 లక్షల డాలర్లకు పైగా పలికింది. ఆ మధ్యకాలంలో, 1932 ప్రపంచ సిరీస్‌లో ఆయన కొట్టిన ప్రసిద్ధమైన దెబ్బ నాడు ధరించినది ఈ చొక్కాయేనని నాటి ఛాయాచిత్రాలతో పోల్చి నిపుణులు నిర్ధారించారు. కాలంతో పాటు ధరలు పెరగడం సహజమే. కాని ఇంత తేడా రావడానికి ముఖ్య కారణం వస్తువు మారడం కాదు, దాని చరిత్రకు సాక్ష్యం దొరకడం.

దీనికి విరుద్ధమైన కథ కూడా అక్కడిదే. నకిలీ సంతకాల ముఠాలపై అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 1990ల చివర 'ఆపరేషన్ బుల్‌పెన్' పేరుతో దాడులు జరిపింది. పట్టుబడిన సరకులో మదర్ థెరీసా సంతకం చేసినట్లు చూపిన బేస్‌బాల్ బంతులు కూడా ఉన్నాయి! కలకత్తాలో రోగుల మధ్య జీవించిన ఆ తల్లి బేస్‌బాల్ బంతిపై ఎందుకు సంతకం పెడుతుంది అన్న ఒక్క ప్రశ్న చాలు, ఏ పరికరమూ అక్కరలేదు.

రెండు కాగితాలు

మా పొరుగున ఎనభై దాటిన పెద్దాయన ఒకరు ఉన్నారు. నేను 'అన్నగారూ' అని పిలుస్తాను. ఆయన శ్రీమతికి రెండు మోకాళ్ళూ అరిగిపోయి, శస్త్రచికిత్స చేయించాలని చెప్పారు. ఒకనాడు ఆయన నాకు రెండు కాగితాలు చూపారు. ఒకటి, సి.కె. నాయుడు సంతకం, క్రింద '25 జూన్ 1932' అనే తేదీ ఉన్న విడి కాగితం. బంధువు ఒకాయన ఎప్పుడో కొని బహుమతిగా ఇచ్చారట. రెండవది, 1955 నవంబరులో హైదరాబాదు ఫతే మైదానంలో భారత్, న్యూజిలాండ్ మధ్య జరిగిన టెస్టు సమయంలో, పదేళ్ళ బాలుడిగా తానే తెచ్చుకున్న సంతకాల పుట. మొదటిదే తనకున్న ఆస్తి అని, రెండవది చిన్ననాటి ముచ్చట అని ఆయన నమ్మకం.

నాయుడు గారి పేరు తెలుగువారందరికీ గర్వకారణం. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895లో పుట్టి, 1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలో మొదలైన మన తొలి టెస్టుకు నాయకత్వం వహించిన వ్యక్తి. ఆయన సంతకానికి గిరాకీ ఉంటుంది. గిరాకీ ఉన్నచోటే నకిలీ కూడా పుడుతుంది.

ఆ సంతకాన్ని పదింతలు పెద్దదిగా చూపే భూతద్దంతో చూశాను. గీత వెంట సన్నని గాడి పడి ఉంది, సిరా చిక్కగా అంటుకుని ఉంది. అది బాల్ పెన్ను లక్షణం. సిరా కలమైతే తడి కాగితపు పోగులలోకి పాకుతుంది. తేదీ కూడా అదే పెన్నుతో రాసినది. లాజ్లో బీరో బాల్ పెన్నుకు పేటెంటు తీసుకున్నది 1938లో, అది బజారులో విరివిగా అమ్మకానికి వచ్చింది 1945 తరువాత. 1932లో లార్డ్స్‌లో దానితో సంతకం పెట్టడం ఎవరికీ సాధ్యం కాదు.

ఇంకొక పరీక్ష కూడా చేశాను. బొల్లి మచ్చలను, తలలో వచ్చే కొన్ని శిలీంధ్ర వ్యాధులను గుర్తించడానికి చర్మవైద్యులు వుడ్స్ దీపం వాడతారు. దాని అతినీలలోహిత కాంతిని చీకటి గదిలో ఆ కాగితంపై పెడితే, అది నీలిరంగు తెలుపుతో మెరిసింది. కాగితం తెల్లగా కనిపించడానికి కలిపే మెరుపు రసాయనాలు రెండవ ప్రపంచయుద్ధం తరువాతనే వాడుకలోకి వచ్చాయి. ఒక మాట గుర్తుంచుకోండి. మెరవకపోతే మాత్రం సంతకం నిజమైనదని అర్థం కాదు. ఆదివారం ఆబిడ్స్ కాలిబాటపై దొరికే పాత పుస్తకాలలోని ఖాళీ పుటను చింపి ఎవరైనా వాడవచ్చు. జ్వరం లేనంత మాత్రాన రోగం లేదని చెప్పలేము కదా.

"అన్నగారూ, ఇది ఆ రోజు పెట్టిన సంతకం కాదు" అని చెప్పాను. ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత అసలు సంగతి చెప్పారు. ఆ కాగితానికి పన్నెండు లక్షలు ఇస్తామని ఫోనులో ఎవరో అన్నారట. ముందుగా 'ధ్రువపత్రం ఖర్చు' కింద పదివేలు పంపమన్నారట. మరునాడు పంపాలని ఆయన బ్యాంకు పుస్తకం కూడా తీసి పెట్టుకున్నారు.

మిత్రులారా, ఇది పాత మోసమే. అరుదైన నాణేలు, నోట్లు కొంటామని చెప్పి, రుసుములు, కమీషన్లు గుంజేవారి గురించి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రజలను హెచ్చరించింది. నిజంగా కొనేవాడు మీకు డబ్బు ఇస్తాడు, మిమ్మల్ని అడగడు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. సిగ్గుపడి దాచుకోవద్దు. ఆ దిగులుతో నిద్ర పట్టక, రక్తపోటు పెరిగి వచ్చిన వృద్ధులను నేను చూశాను.

మోకాళ్ళ చికిత్సకు కావలసిన దారి ఆ కాగితంలో లేదు, ఆయన పింఛను కాగితాలలో ఉంది. పదవీ విరమణ నాడు ఆయన రైల్వే వైద్య పథకంలో చేరి ఉన్నారు. ఆ కార్డు వెతికి తీయించి, రైల్వే ఆసుపత్రికి వెళ్ళమని చెప్పాను.

అరుదు వేరు, ప్రసిద్ధి వేరు

ఇక 1955 నాటి పుట. అది సిరా కలంతో పెట్టిన సంతకాల పుట. అక్షరాల అంచులలో సిరా పాకి, కాలంతో కొంత వెలిసింది. వేర్వేరు చేతులు, వేర్వేరు ఒత్తిడి, కొన్ని వంకరగా, కొన్ని తొందరగా. ఒకే వ్యక్తి జట్టు మొత్తానికి సంతకాలు చేసి పెట్టిన కాగితాలలో ఈ వైవిధ్యం కనబడదు. అచ్చువేసిన సంతకాలైతే భూతద్దం క్రింద చుక్కలుగానో, ఒత్తిడి తెలియని చదునైన గీతలుగానో కనిపిస్తాయి.

ఆ టెస్టులోనే పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేశారు. టెస్టులలో భారతీయుడు చేసిన మొదటి డబుల్ సెంచరీ అది. మన హైదరాబాదు బౌలరు గులాం అహ్మద్ నాయకుడు. కృపాల్ సింగ్ తన మొదటి టెస్టులోనే శతకం చేశారు. సుభాష్ గుప్తే ఒకే ఇన్నింగ్స్‌లో 7 వికెట్లు తీశారు. వారి పేర్ల మధ్య మూలన 'వి.ఎన్. స్వామి' అని ఒక సంతకం ఉంది. ఆయన ఆడిన ఏకైక టెస్టు అదే. అందులో ఆయనకు బ్యాటింగు చేసే అవకాశం రాలేదు, వికెట్టూ దక్కలేదు.

విలువ కట్టడంలో సూక్ష్మం ఇక్కడ ఉంది. డాన్ బ్రాడ్‌మన్ తన సుదీర్ఘ జీవితంలో అభిమానుల ఉత్తరాలకు ఓపికగా జవాబులిస్తూ లెక్కలేనన్ని సంతకాలు చేశారు. అందుచేత ఆయన కేవలం సంతకం, ఆ పేరు ప్రతిష్ఠలకు తగినంత ఖరీదు పలకదు. కాని 1928లో ఆయన తొలి టెస్టుకు ధరించిన ఆకుపచ్చ టోపీ 2020లో 4 లక్షల 50 వేల ఆస్ట్రేలియా డాలర్లు పలికింది. మరోవైపు స్వామి వంటివారి సంతకం దొరకడం కష్టం, కాని కోరేవారు కొద్దిమందే. అరుదుగా ఉండటం, కోరేవారు ఉండటం, నిజమని తేలడం, చెడిపోకుండా ఉండటం, ఈ నాలుగూ కలిస్తేనే ధర. ఒక ఆట, ఒక రోజు, ఒక జట్టు మొత్తం ఉన్న పుట విడి సంతకాల కంటె మేలు. దానిని ముక్కలుగా కత్తిరించి అమ్మమనేవారి మాట వినకండి.

చేతి వణుకు చెప్పే సంగతులు

ఇది వైద్యుని సొంత రంగం. వణికిన గీత కనబడగానే 'పాపం, ముసలితనంలో పెట్టిన సంతకం' అనుకోవద్దు. దొంగ సంతకం పెట్టేవాడు బొమ్మ గీసినట్లు మెల్లగా గీస్తాడు. అందువల్ల అక్కడా వణుకు వస్తుంది. కాని అతని గీతలో ఒత్తిడి అంతటా ఒకేలా ఉంటుంది, మొదలూ చివరా మొద్దుగా ఉంటాయి, అక్కరలేని చోట కలం ఆగి మళ్ళీ మొదలవుతుంది. నిజమైన వృద్ధుని చేతిలో వణుకు ఉన్నా, జీవితమంతా అలవాటైన ఊపు, అక్షరాల వరుస మిగిలి ఉంటాయి.

పార్కిన్సన్ వ్యాధిలో రాత రానురాను చిన్నదై, ఇరుకైపోతుంది. ముష్టియుద్ధ వీరుడు మహమ్మద్ అలీకి 1984లో ఈ వ్యాధిని గుర్తించారు. ఆయన తొలినాటి విశాలమైన సంతకాన్ని, చివరినాటి చిన్న సంతకాన్ని ప్రక్కప్రక్కన పెడితే వ్యాధి గమనం కంటికి కనబడుతుంది. వంశపారంపర్యంగా వచ్చే కొన్ని వణుకులలో రాత పెద్దదిగా, అలలు అలలుగా ఉంటుంది. పక్షవాతం తరువాత, కీళ్ళ వాపులో, కంటి శుక్లాలలో మార్పులు వేరుగా ఉంటాయి.

ఇది మీకూ వర్తిస్తుంది. సంతకం కలవలేదని బ్యాంకువారు చెక్కు త్రిప్పి పంపితే గుమాస్తాపై కోపగించుకుని ఊరుకోకండి. మీ పదేళ్ళ క్రిందటి సంతకం ప్రక్కన నేటిది పెట్టి చూడండి. అక్షరాలు చిన్నవవుతున్నా, వణుకుతున్నా, నడక నెమ్మదించినా వైద్యుని కలవండి. ఒక్కసారిగా రాయలేకపోతే, మాట తడబడినా, ముఖం ఒకవైపు జారినా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళండి.

భద్రపరచడంలో జాగ్రత్తలు

లామినేషన్ చేయించవద్దు, పారదర్శక టేపు అంటించవద్దు. రెండూ కాగితాన్ని తిరిగి బాగుచేయలేనంతగా పాడుచేస్తాయి. ఎండ తగిలే గోడకు చట్రం కట్టి తగిలిస్తే సిరా వెలిసిపోతుంది. ఆమ్లం లేని కాగితం మధ్య, పొడి ప్రదేశంలో, పరుపుగా ఉంచండి. పసిబిడ్డలు ఉన్న ఇంట్లో నాఫ్తలీన్ ఉండలు వద్దు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న శిశువులకు ఆ వాసన తగిలిన బట్టల వల్ల కూడా రక్తకణాలు విచ్ఛిన్నమై కామెర్లు రావచ్చు. పిల్లలు మిఠాయి అనుకుని మింగే ప్రమాదం మరొకటి. బూజు పట్టిన పాత పెట్టెలు తెరిచేటప్పుడు, ముఖ్యంగా ఉబ్బసం ఉన్నవారు, మాస్కు ధరించి, కిటికీలు తెరిచి పని చేయండి.

జ్ఞాపకం ఉండగానే రాయించండి

అన్నగారు ఆ ఉదయం మాత్ర వేసుకున్నారో లేదో చెప్పలేకపోయారు. కాని 1955లో తండ్రి సైకిలుపై ముందు కూర్చుని ఫతే మైదానానికి వెళ్ళిన దారి, సిరా అయిపోతే కలం అరువిచ్చిన పోలీసు, అన్నీ చెప్పారు. మతిమరుపు మొదటి దశలో సాధారణంగా నిన్నటి సంగతులు ముందు పోతాయి, చిన్ననాటివి కొంతకాలం నిలుస్తాయి. ఆ వ్యవధి ఎంతో ఎవరూ చెప్పలేరు. అది ముగిసినాక ఆ పుట ఎవరో పెట్టిన సంతకాల కాగితమే.

అందుకే మేమిద్దరం కూర్చుని ఆ చరిత్రనంతా కేసు షీటులా రాశాము. తేదీ, చోటు, వెంట ఉన్నవారు, పుస్తకం ఎవరిచ్చారు, ఇన్నాళ్ళూ ఎక్కడ ఉంది అన్నవన్నీ వ్రాసి, ఆయన చెప్పిన ఆట వివరాలను నాటి స్కోరుతో పోల్చి చూసుకుని, ఆయనే సంతకం చేశారు. ఇద్దరు సాక్షులు పెట్టారు. పుటకు రెండువైపులా ఫొటోలు తీసి పిల్లలకు పంపారు. మతిమరుపు పరీక్షకు కూడా వెళ్ళారు. ఆ పుటను అమ్మాలా, ఉంచాలా అన్నది ఇక ఆ కుటుంబం తీరిగ్గా నిర్ణయించుకోవచ్చు.

మీ ఇంట్లో ఇటువంటి వస్తువు ఏదైనా ఉంటే, దానికి ధర అడిగే ముందు దాని సంగతి తెలిసిన పెద్దవారిని కూర్చోబెట్టి అడగండి. వారు చెప్పినది వారి మాటల్లోనే రాసి, తేదీ వేసి, సంతకం చేయించండి. అలా చేయించేటప్పుడు వారి చేతిని కూడా గమనించండి.